బలవంతుని సంతకం

 



ఒక శుక్రవారం జుమా ప్రసంగంలో మేము వాగ్దానపాలన గురించి మాట్లాడాము. అప్పు తీసుకున్నవాడు గడువుకు తీర్చాలి, కూలివానితో కుదుర్చుకున్న మొత్తం కోత లేకుండా ఇవ్వాలి, పెళ్లి మాట ఇచ్చిన తర్వాత ఎక్కువ కట్నం కోసం మరో ఇంటి గుమ్మం తొక్కరాదు అని చెప్పాము. నమాజు ముగిశాక డిగ్రీ చదువుతున్న ఒక యువకుడు వచ్చి మా ప్రక్కన కూర్చున్నాడు. “హజ్రత్, మీరు చెప్పినవన్నీ మాలాంటి చిన్నవాళ్ళకు వర్తిస్తాయి. మరి దేశాల సంగతి ఏమిటి? అక్కడ కర్ర ఉన్నవాడిదే బర్రె కదా! సంతకాలు చేస్తారు, చించేస్తారు. అడిగేవాడెవడు? అలాంటి లోకంలో మాట మీద నిలబడేవాడు మోసపోవడం తప్ప సాధించేదేమిటి?” అన్నాడు.

ఆ ప్రశ్నలో కోపం ఉంది. కోపం వెనుక బాధ ఉంది. అప్పటికి రెండు ముక్కలు చెప్పి పంపించాము గాని, ఆ సమాధానం మాకే తృప్తినివ్వలేదు. ఎందుకంటే ఇది ఆ ఒక్క యువకుని ప్రశ్న కాదు. టీవీ ముందు కూర్చుని శిథిలాల క్రింది నుండి తీసిన పసిపిల్లల శవాలను చూసే ప్రతి మనిషీ మనసులో అడుగుతున్న ప్రశ్నే ఇది. అందుకే ఈ నెల దీనిని గురించే కొంత వివరంగా ముచ్చటించుకుందాం.

నూలు వడికి విప్పేసిన స్త్రీ

వాగ్దానపాలన కేవలం వ్యక్తుల మధ్య వ్యవహారమని మనం అనుకుంటాం. దివ్యఖుర్ఆన్ మాత్రం జాతుల గురించి, రాజ్యాల గురించి కూడా సూటిగా మాట్లాడుతుంది. అన్నహ్ల్ సూరా 91, 92 ఆయతులను ఒకసారి శ్రద్ధగా చదవండి. అల్లాహ్ పేరు మీద చేసిన ఒడంబడికను నెరవేర్చమని అక్కడ ఆదేశం ఉంది. ఆ తర్వాత ఒక ఉపమానం వస్తుంది. ఒక స్త్రీ కష్టపడి నూలు వడుకుతుంది. అది గట్టి దారంగా తయారయ్యాక తానే దానిని పోగులు పోగులుగా విప్పేస్తుంది. మీరు అలా కావద్దని అల్లాహ్ హెచ్చరిస్తున్నాడు. రాట్నం తిప్పినవారిని అడగండి, ఒక కండె నూలుకు ఎంత శ్రమ పడుతుందో! వడకడానికి రోజంతా పడుతుంది, పాడుచేయడానికి ఒక ఘడియ చాలు.

ఆ వెంటనే అసలు రోగమేమిటో కూడా అల్లాహ్ తెలియజేశాడు. ఒక వర్గం మరొక వర్గం కన్నా సంఖ్యలోను, బలంలోను మించిపోయినప్పుడు ప్రమాణాలు మోసానికి సాధనాలుగా మారుతాయి. అజ్ఞాన కాలపు అరబ్బు తెగలు ఒక తెగతో ఒప్పందం చేసుకునేవి. అంతకన్నా బలమైన తెగ తటస్థపడగానే పాతవారిని వదిలేసి కొత్తవారి ప్రక్కన చేరేవి. హజ్రత్ ముజాహిద్ (రహ్మ) వంటి తొలితరం వ్యాఖ్యాతలు ఈ ఆయతు ఆ అలవాటునే ఖండిస్తున్నదని వివరించారు.

గమనించవలసిన విషయం ఇంకొకటి ఉంది. దీని ద్వారా తాను మిమ్మల్ని పరీక్షిస్తున్నానని అల్లాహ్ అక్కడే ప్రకటించాడు. అంటే ఒకరికి ఎక్కువ బలం, మరొకరికి తక్కువ బలం ఉండటమే పరీక్ష! బలాబలాలు సమానంగా ఉన్నప్పుడు మాట నిలబెట్టుకోవడం పెద్ద గొప్ప కాదు, అక్కడ భయమే మాట నిలబెడుతుంది. మాట తప్పినా తననెవరూ ఏమీ చేయలేరని తెలిసినప్పుడే ఒక రాజ్యం అసలు రంగు బయటపడుతుంది.

బలం లేని రోజున

ఇక ఆ యువకుని ప్రశ్నకు వద్దాం. మాట మీద నిలబడేవాడు నష్టపోడా? కొన్నిసార్లు నష్టం కళ్ళకు కట్టినట్లు కనిపిస్తుంది. ఆ సంగతి దైవప్రవక్త (స) కు తెలియదా?

బద్ర్ యుద్ధానికి ముందు హజ్రత్ హుజైఫా (రజి), ఆయన తండ్రి ఖురైషీల చేతికి చిక్కారు. ముహమ్మద్ (స) పక్షాన యుద్ధం చేయబోమని మాట తీసుకుని వారిని విడిచిపెట్టారు. వారిద్దరూ వచ్చి జరిగింది చెప్పారు. ఆ రోజు ముస్లిముల సంఖ్య మూడువందల పైచిలుకు మాత్రమే. ఎదుట దాదాపు వెయ్యి మంది! ఒక్కొక్క మనిషీ పది మందితో సమానమైన ఘడియ అది. అయినా దైవప్రవక్త (స) వారిని యుద్ధంలో చేర్చుకోలేదు. శత్రువుకిచ్చిన మాటను నెరవేర్చమని, సహాయం అల్లాహ్‌ను అడుగుదామని చెప్పి పంపించారు.

హిజ్రీ 6వ సంవత్సరం (క్రీ.శ. 628) జుల్‌ఖాదా మాసంలో హుదైబియా వద్ద జరిగింది ఇంకా కఠినమైన పరీక్ష. సుమారు 1400 మంది సహాబీలు ఉమ్రా సంకల్పంతో ఇహ్రాం ధరించి వచ్చారు. ఖురైషీలు దారి అడ్డగించారు. చివరకు సుహైల్ బిన్ అమ్ర్ రాయబారిగా వచ్చి షరతులు పెట్టాడు. పది సంవత్సరాలు యుద్ధం ఉండదు. ఈ యేడు ముస్లిములు తిరిగి వెళ్ళిపోవాలి. వచ్చే యేడు మూడు రోజులు ఉండి వెళ్ళవచ్చు. మక్కా నుండి ఎవరైనా సంరక్షకుని అనుమతి లేకుండా మదీనా చేరితే వారిని తిప్పి పంపాలి. మదీనా నుండి మక్కాకు వెళ్ళినవారిని మాత్రం ఖురైషీలు తిప్పి పంపరు! ఒప్పంద పత్రంలో ‘దైవప్రవక్త’ అన్న మాటను కూడా సుహైల్ ఉండనివ్వలేదు. దైవప్రవక్త (స) దానిని తీసివేయించి, తన పేరు, తన తండ్రి పేరు మాత్రమే వ్రాయించారు.

సరిగ్గా అదే సమయంలో సుహైల్ కన్నకొడుకు అబూ జందల్ (రజి) సంకెళ్ళు ఈడ్చుకుంటూ వచ్చి ముస్లిముల మధ్య పడ్డారు. ఇస్లాం స్వీకరించినందుకు తండ్రి పెట్టిన హింసల గుర్తులు ఆ శరీరం మీద ఉన్నాయి. ఈ ఒక్కనిని నాకు వదిలిపెట్టమని దైవప్రవక్త (స) అడిగారు. సుహైల్ ససేమిరా అన్నాడు. తనను మళ్ళీ ఆ హింసలోకే పంపుతారా అని అబూ జందల్ (రజి) గుండెలు పగిలేలా మొరపెట్టుకున్నారు. ఓర్చుకోమని, అల్లాహ్ దారి చూపిస్తాడని, చేసుకున్న ఒప్పందానికి ద్రోహం చేయలేమని దైవప్రవక్త (స) ఆయనను ఓదార్చారు.

సోదరులారా! ఆ క్షణాన్ని ఊహించుకోండి. హజ్రత్ ఉమర్ (రజి) వంటి మహనీయుడే తట్టుకోలేకపోయారు. మనం సత్యం మీద లేమా, మరి ఈ అవమానం ఎందుకని ప్రశ్నించారు. ఆ తొందరపాటుకు పరిహారంగా ఆ తర్వాత ఎన్నో సత్కార్యాలు చేశానని ఆయనే చెప్పుకున్నారు. ఆ యువకుని కోపం తప్పు అని మేము అనకపోవడానికి కారణం ఇదే. అన్యాయాన్ని చూసి రగలడం విశ్వాసానికి విరుద్ధం కాదు. కాని ఆ మంటలో మన మాటను కాల్చుకోవడం విరుద్ధం.

ఫలితం ఏమయింది? రెండు సంవత్సరాల శాంతిలో అరేబియా ఇస్లాంను దగ్గరగా చూసింది. ఏ షరతును ఖురైషీలు గెలుపనుకున్నారో, ఆ షరతును తీసివేయమని స్వయంగా వారే మదీనాకు కబురు పంపి బ్రతిమాలుకున్నారు. చివరకు ఒడంబడికను విప్పేసింది కూడా వారే. దైవప్రవక్త (స) కు మిత్రులైన ఖుజాఆ తెగపై బనూ బకర్ తెగ దాడి చేస్తే ఖురైషీలు దొంగచాటుగా తోడ్పడ్డారు. హిజ్రీ 8వ సంవత్సరం రమజాన్‌లో పదివేల మందితో దైవప్రవక్త (స) మక్కాలో ప్రవేశించారు. ఆ రోజున సంపూర్ణమైన బలం ఆయన చేతిలో ఉంది. అయినా ప్రతీకారం తీర్చుకోలేదు, సామూహిక క్షమాభిక్ష ప్రకటించారు. బలం లేని రోజున మాట తప్పనివారు బలం వచ్చిన రోజున అత్యాచారానికి పాల్పడలేదు!

బలం వచ్చిన రోజున

ముస్లిములు మహా సామ్రాజ్యంగా ఎదిగాక జరిగిన ఒక సంఘటన అబూ దావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాలలో ఉంది. హజ్రత్ ముఆవియా (రజి) కూ రోమనులకూ మధ్య గడువుతో కూడిన సంధి ఉంది. గడువు ఇంకా ముగియలేదు. ఆయన సైన్యంతో సరిహద్దు వైపు కదిలారు, గడువు ముగిసిన మరుక్షణమే దాడి చేయవచ్చన్నది ఆలోచన. సంధి పత్రంలోని అక్షరాన్ని చూస్తే ఇందులో ఉల్లంఘన లేదు. ఇంతలో ఒక వృద్ధుడు గుర్రం మీద తక్బీర్ పలుకుతూ వచ్చారు. మనకు తగినది మాట నిలుపుకోవడమే గాని ద్రోహం కాదని కేక వేశారు. ఆయన హజ్రత్ అమ్ర్ బిన్ అబసా (రజి). ఒక జాతితో ఒప్పందం ఉన్నవారు దాని గడువు ముగిసే వరకు, లేదా దానిని బహిరంగంగా రద్దు చేసుకునే వరకు అందులో ఏ ముడినీ బిగించరాదు, వదులు చేయరాదని దైవప్రవక్త (స) బోధించిన మాటను ఆయన వినిపించారు. హజ్రత్ ముఆవియా (రజి) వాదించలేదు. సైన్యాన్ని వెనక్కి తిప్పారు.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయినప్పుడు ఉక్రెయిన్ నేల మీద ప్రపంచంలోనే మూడవ అతి పెద్ద అణ్వాయుధ నిల్వ మిగిలింది. 1994 డిసెంబర్ 5న బుడాపెస్ట్ నగరంలో రష్యా, అమెరికా, బ్రిటన్ ఒక పత్రం మీద సంతకాలు చేశాయి. ఉక్రెయిన్ అణ్వాయుధాలు వదులుకోవాలి. అందుకు బదులుగా ఆ మూడు దేశాలూ దాని సరిహద్దులను గౌరవిస్తాయి, దానిపై బలప్రయోగం చేయవు. ఉక్రెయిన్ తన మాట నిలబెట్టుకుంది. 1996 నాటికి చివరి అణ్వాయుధం కూడా రష్యాకు తరలిపోయింది. 2014లో రష్యా క్రిమియాను ఆక్రమించుకుంది. ఆ తర్వాత సరిహద్దుల్లో లక్షకు పైగా సైన్యాన్ని మోహరించి, అవి విన్యాసాలేనని, దాడి చేసే ఉద్దేశం లేదని చెప్పింది. 2022 ఫిబ్రవరి 24న దాడి చేసింది. ఆ సైన్యాన్ని ఆపడానికి గుర్రం మీద వచ్చి కేక వేసే అమ్ర్ బిన్ అబసా ఎవరూ లేకపోయారు. ఉన్నా వినేవారు లేకపోయారు.

రష్యాను మాత్రమే వేలెత్తి చూపితే న్యాయం కాదు. ఐక్యరాజ్యసమితి ఒడంబడిక పత్రంపై 1945లో సంతకం చేసిన దేశాలలో అమెరికా, బ్రిటన్ కూడా ఉన్నాయి. ఆత్మరక్షణకు, లేదా భద్రతా మండలి అనుమతితో తప్ప మరో దేశంపై బలం ప్రయోగించరాదన్నది ఆ పత్రం సారాంశం. 2003 మార్చిలో ఆ అనుమతి లేకుండానే ఈ రెండు దేశాలూ ఇరాక్‌పై దండెత్తాయి. చూపించిన కారణం సామూహిక విధ్వంసక ఆయుధాలు. దేశమంతా వెదికినా ఆ ఆయుధాల నిల్వలు దొరకలేదు. పోయిన ప్రాణాలు మాత్రం తిరిగి రాలేదు.

ఒకరికి ఒక చట్టం, మరొకరికి ఒక చట్టం

బనూ మఖ్జూమ్ తెగకు చెందిన ఒక గొప్పింటి స్త్రీ దొంగతనం చేసింది. శిక్ష తప్పించమని హజ్రత్ ఉసామా (రజి) చేత సిఫారసు చేయించారు. దైవప్రవక్త (స) తీవ్రంగా ఆగ్రహించారు. గొప్పవాడు నేరం చేస్తే వదిలిపెట్టి, బలహీనుడు చేస్తే శిక్షించిన కారణంగానే పూర్వ జాతులు నాశనమయ్యాయని హెచ్చరించారు. తన కుమార్తె ఫాతిమా (రజి) అయినా తన తీర్పు మారదని ప్రకటించారు.

ఈ గీటురాయి మీద భద్రతా మండలిని గీసి చూడండి. అందులో 15 సభ్య దేశాలు. వాటిలో అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్స్ శాశ్వత సభ్యులు. ఈ అయిదింటిలో ఏ ఒక్కటి కాదన్నా తీర్మానం వీగిపోతుంది. దీనినే వీటో అంటారు. 2022 ఫిబ్రవరి 25న ఉక్రెయిన్‌పై దాడిని ఖండించే తీర్మానానికి 11 దేశాలు మద్దతు పలికాయి. రష్యా వీటో చేసింది. అంటే ముద్దాయే న్యాయమూర్తి పీఠం మీద కూర్చున్నాడు! 2023 డిసెంబర్ 8న గాజాలో కాల్పుల విరమణ కోరుతూ వచ్చిన తీర్మానానికి 13 దేశాలు మద్దతు పలికాయి, బ్రిటన్ తటస్థంగా ఉంది. అమెరికా వీటో చేసింది. ఉక్రెయిన్ విషయంలో నీతి బోధించినవారు గాజా దగ్గర మౌనం వహించారు. గాజా కోసం కన్నీరు కార్చినవారు ఉక్రెయిన్ దగ్గర సాకులు వెదికారు. చనిపోయిన పసివానికి మాత్రం రెండు చోట్లా ఒకటే మరణం.

వీటో లేని చోట కూడా మాట నిలబడలేదు. బోస్నియాలోని స్రెబ్రెనిత్సాను 1993 ఏప్రిల్‌లో భద్రతా మండలి ‘సురక్షిత ప్రాంతం’గా ప్రకటించింది. ఆ మాట నమ్మి వేలాది ముస్లిములు అక్కడ తలదాచుకున్నారు. 1995 జూలైలో సెర్బు సైన్యం ఆ పట్టణాన్ని వశపరచుకుని ఎనిమిది వేల మందికి పైగా పురుషులను, బాలురను చంపివేసింది. కాపలాకు ఉన్న శాంతిసేన ఆపలేకపోయింది. అది జాతి నిర్మూలనేనని 2007లో అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పు చెప్పింది. కాగితం మీద ఇచ్చిన అభయం వారిని రక్షించలేకపోయింది.

అల్ హుజురాత్ సూరా 9వ ఆయతు విశ్వాసులలోని రెండు వర్గాలు పోట్లాడుకుంటే ఏం చేయాలో నేర్పుతుంది. ముందు సంధి కుదర్చాలి. ఒక వర్గం హద్దు మీరితే, అది దారికి వచ్చే వరకు అందరూ కలిసి దానిని ఎదిరించాలి. దారికి వచ్చాక మళ్ళీ న్యాయంగా సంధి చేయాలి. ఇందులో హద్దు మీరినవాని బలం చూడమని గాని, వాడు మన మిత్రుడా కాదా అని చూడమని గాని లేదు. రాజ్యాల మధ్య శాంతికి ఇంతకన్నా చక్కని సూత్రం ఏముంటుంది?

మన ఇంటి లెక్క

అయితే పాఠకులారా, ఆ ఆయతు సంబోధిస్తున్నది మనల్నే! ముందు మన ఇల్లు చూసుకోకపోతే ఇతరులను నిలదీసే అర్హత మనకు లేదు. 1963లో ఇరాక్ కువైత్ స్వాతంత్ర్యాన్ని గుర్తిస్తూ సంతకం చేసింది. 1990 ఆగస్టు 2న అదే ఇరాక్ ఆ చిన్న దేశంలోకి ట్యాంకులు నడిపింది. ఇద్దరూ ముస్లిములే. ఇద్దరి ఖిబ్లా ఒకటే. పొట్టచేత పట్టుకుని కువైత్ వెళ్ళిన భారతీయులు, వారిలో మన కడప, గోదావరి జిల్లాల బిడ్డలు కూడా, సంపాదించుకున్నదంతా అక్కడే వదిలేసి ఎడారి దారిన జోర్డాన్ చేరుకున్నారు. ఆ సంక్షోభంలో సుమారు లక్షా 70 వేల మంది భారతీయులను విమానాల్లో స్వదేశానికి తీసుకురావలసి వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందు, 1988 మార్చిలో, ఇరాక్ పాలకులే హలబ్జాలో తమ స్వంత కుర్దు ప్రజలపై విషవాయువు ప్రయోగించి వేలాది మందిని చంపారు. ఆ హతులు కూడా కలిమా పలికినవారే.

అప్పుడు మనలో ఎంతమంది నోరు విప్పాం? ఒక జాతి పట్ల ద్వేషం మిమ్మల్ని అన్యాయానికి పురికొల్పరాదని అల్ మాయిదా సూరా 8వ ఆయతు ఆదేశిస్తుంది. ద్వేషం ఎలా అడ్డు కారాదో, బంధుత్వమూ అలాగే అడ్డు కారాదని అన్నిసా సూరా 135వ ఆయతు బోధిస్తుంది. మనవాడు చేస్తే రాజనీతి, ఎదుటివాడు చేస్తే రాక్షసత్వం అనడం వీటో కాక మరేమిటి? భద్రతా మండలిలో అయిదు దేశాలకే వీటో ఉంది. మనసులో మాత్రం మనలో ప్రతి ఒక్కరికీ ఒక వీటో ఉంది!

మోసానికి జవాబు మోసం కాదు

‘ఎదుటివాడు మోసం చేస్తాడని తెలిసినా మాట మీద నిలబడాలా?’ అని ఎవరైనా అడగవచ్చు. ఇస్లాం అమాయకత్వం నేర్పదు. ద్రోహం జరుగుతుందన్న స్పష్టమైన సూచనలు కనిపిస్తే ఒప్పందాన్ని బాహాటంగా రద్దు చేయమని అల్ అన్ఫాల్ సూరా 58వ ఆయతు అనుమతిస్తుంది. ముందు తెలియజేయాలి, ఉభయులూ సమానమైన స్థితిలో ఉండాలి. చిరునవ్వుతో చేయి కలుపుతూ వెనుక కత్తి నూరడానికి అనుమతి లేదు.

ఇటువంటి నియమాలను ‘సియర్’ అనే పేరుతో ఒక శాస్త్రంగా కూర్చినవారిలో ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) శిష్యులు ఇమామ్ ముహమ్మద్ షైబానీ (రహ్మ) అగ్రగణ్యులు. ఆయన హిజ్రీ 189లో (క్రీ.శ. 805) పరమపదించారు. యూరప్‌లో అంతర్జాతీయ చట్టానికి పితామహునిగా చెప్పుకునే గ్రోషియస్ తన ప్రసిద్ధ గ్రంథం వెలువరించింది 1625లో! ఈ మరుగునపడిన సంపదను ఆధునిక ప్రపంచం ముందు ఉంచినవారు మన హైదరాబాదులో 1908లో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే బోధించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (రహ్మ). ఆయన 2002లో అమెరికాలో కన్నుమూశారు. మేము మదర్సాలో చదివే రోజుల్లో ఆయన ఉర్దూ పుస్తకాలు చేతులు మారి చిరిగిపోయేవి. అయితే పూర్వీకుల పుస్తకాలను చూపించి గర్వపడటం వేరు, వాటి మీద నడవడం వేరు. షైబానీ (రహ్మ) వ్రాసిన నియమాలను అతిక్రమించినవారిలో ముస్లిం పాలకులు తక్కువ మంది లేరు.

అడిగేవాడున్నాడు

తమ్ముడూ! నీవు ‘అడిగేవాడెవడు?’ అన్నావు. ఆ రోజు మేము చెప్పవలసిన జవాబు ఇదే. అడిగేవాడున్నాడు. చేసిన ప్రతి వాగ్దానం గురించీ ప్రశ్నించడం జరుగుతుందని బనీ ఇస్రాయీల్ సూరా 34వ ఆయతు తెలియజేస్తుంది. ఆ ప్రశ్నకు వీటో లేదు.

ప్రళయదినాన ప్రతి నమ్మకద్రోహికీ ఒక జెండా ఉంటుందని, వాని ద్రోహం ఎంత పెద్దదో ఆ జెండా అంత ఎత్తుగా ఉంటుందని, ప్రజల నాయకుడు చేసే ద్రోహాన్ని మించిన ద్రోహం లేదని దైవప్రవక్త (స) హెచ్చరించిన విషయం ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి భవనం ముందు 193 సభ్య దేశాల జెండాలు వరుసగా ఎగురుతుంటాయి. ఆ నాయకులంతా, వారితోపాటు మనమంతా, ఒకనాడు మరో మైదానంలో నిలబడవలసి ఉంది. అక్కడ ఎగిరే జెండాల మీద దేశాల గుర్తులుండవు, చేసిన ద్రోహాలుంటాయి.

‘పరలోకం సరే, ఈ లోకంలో ఏం చేయాలి?’ అంటావేమో. అన్యాయం ఎవరిదైనా అన్యాయమే అనే నాలుకను సంపాదించుకో. వార్త విన్నప్పుడు చేసినవాని మతం, దేశం చూడకముందే చేసిన పని చూడు. నీకు ఎంత చిన్న అధికారం ఉన్నా, మస్జిద్ కమిటీలో గాని, దుకాణంలో గాని, ఇంట్లో గాని, ఎదిరించలేని వానికి నీవిచ్చిన మాటను ముందుగా నెరవేర్చు. కూలివాని ముందు మాట తప్పే మనిషికి రేపు ఒక రాజ్యం దొరికితే బుడాపెస్ట్ పత్రాన్ని నిలబెడతాడా? ఈ రోజు నీ తరగతి గదిలో కూర్చున్నవారి నుండే కదా రేపటి అధికారులు, రాయబారులు, మంత్రులు రావలసింది! నూలు వడకడం ఇక్కడే మొదలవుతుంది.

ఓ అల్లాహ్! బలహీనులపై మాకు దయను, బలవంతుల ముందు మాకు ధైర్యాన్ని ప్రసాదించు. మేమిచ్చిన మాటను నిలబెట్టుకునే శక్తినివ్వు. గాజాలో, ఉక్రెయిన్‌లో, సూడాన్‌లో, ఈ భూమి మీద ఎక్కడెక్కడ పసివారు ఇతరుల మాట తప్పిన పాపానికి శిక్ష అనుభవిస్తున్నారో అక్కడంతా నీ కరుణను కురిపించు. ప్రళయదినాన ద్రోహపు జెండా క్రింద నిలబడేవారిలో మమ్మల్ని చేర్చకు. ఆమీన్!